రామతులసమ్మ సాక్ష్యం

విడాకుల కోసం వచ్చేవాళ్ళు ఎప్పుడూ గుంపుగానే వస్తారు. మేనమామలు, పెదనాన్నలు, ఎవరికీ చుట్టం కాకపోయినా గొంతు పెద్దదని వెంటబెట్టుకొచ్చిన పెద్దమనిషి ఒకడు. అందరూ ఒక్కసారే మాట్లాడతారు. మాట్లాడవలసిన పిల్ల మాత్రం గోడవారన నిలబడి గోళ్ళు చూసుకుంటుంది. అందుకే నా బల్లకు ఎదురుగా రెండే కుర్చీలు వేయించాను. మిగిలినవాళ్ళకు పక్కనున్న పలకల గోడౌను అరుగు ఉంది. మార్కాపురంలో లాయరు జయలక్ష్మికి నోరు పెద్దదని అందరికీ తెలుసు. తెలిసీ వస్తున్నారు కాబట్టి నేనూ మార్చుకోలేదు.

ఆ శ్రావణంలో ఒకరోజు ఇద్దరే ఇద్దరు ఆడవాళ్ళు వచ్చారు. ఉన్న రెండు కుర్చీలూ సరిపోయాయి. అదే నాకు మొదటి వింత. పెద్దావిడకు అరవై దాటి ఉంటాయి, చిన్నామెకు ముప్పై పైన. పెద్దావిడ కూర్చుంటూనే గుడ్డసంచిలోంచి వేరుశనగపప్పు పొట్లం తీసి నా బల్ల మీద పెట్టింది.

"మా కొట్లోదేనమ్మా. ఉత్త చేతుల్తో రాకూడదు గదా," అంది. "నా పేరు రామతులసమ్మ. పెద్దారవీట్లో మాది కిరాణా దుకాణం. ఈ పిల్ల వసుంధర. ఈ పిల్లకు విడాకులు ఇప్పియ్యాల."

"మీ అమ్మాయా?"

"కోడలు."

నేను కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టాను. "మరి అబ్బాయెవరు?"

"నా కొడుకే."

అత్తలు కోడళ్ళ మీద కేసులు పెట్టించడం చూశాను. కోడళ్ళు అత్తల్ని కోర్టుకు లాగడం చూశాను. కోడలి చెయ్యి పట్టుకుని వచ్చి, నా కొడుకు నుంచి దీన్ని విడిపించు తల్లీ అన్న అత్తను మాత్రం అదే చూడటం. ఇందులో ఏదో మెలిక ఉంటుందనుకున్నాను. లాయర్లకు మంచితనం ఎదురైతే ముందు అనుమానమే పుడుతుంది. అడ్డంగా అడిగాను, నిలువుగా అడిగాను. ఏ మెలికా దొరకలేదు.

ఉమామహేశ్వర్లు ఆమెకు ఒక్కడే కొడుకు. చెడ్డవాడని ఎవరూ అనలేదు, వసుంధర కూడా అనలేదు. తాగడు, చెయ్యెత్తడు, గట్టిగా మాట్లాడడు. కొట్లో కూర్చోబెడితే మాత్రం ఊపిరాడనట్టు ఉండేవాడట. తండ్రి పోగానే దుకాణం మెడకు పడింది, ఆ వెంటనే పెళ్ళి. పెళ్ళయిన రెండేళ్ళకు, మిరపకాయలు బేరం చేసి వస్తానని ఒక ఉదయం కురిచేడు వెళ్ళాడు. అక్కడ రైలెక్కుతుంటే చూశామని ఎవరో చెప్పారు. వారం తర్వాత కొట్లో ఫోను మోగింది. ఎత్తింది తల్లి. "బాగానే ఉన్నా. నా కోసం చూడొద్దు," అని పెట్టేశాడు. ఆ తర్వాత ఏడేళ్ళు దాటినా మళ్ళీ కబురు లేదు.

"వెతికించారా?"

"వెతకని చోటేదమ్మా! గుంటూరు, హుబ్లీ, ఎవురేది చెప్తే ఆడికల్లా పోయొచ్చినాం. పిల్ల గాజులమ్మి మరీ పోయింది," అంది రామతులసమ్మ.

"మరి ఇన్నేళ్ళూ ఊరుకుని ఇప్పుడెందుకు?"

వసుంధర తల వంచుకుంది. రామతులసమ్మ కుర్చీ నా వైపు జరుపుకుంది. పామూరు నుంచి వ్యాన్లో స్టీలు సామాను తెచ్చి దుకాణాలకు వేసిపోయే మల్లికార్జునరావు అని ఒకతను ఉన్నాడట. భార్య చనిపోయింది, చిన్న పాప ఉంది. వీళ్ళ కొట్టుకూ వస్తుంటాడు.

"ఒకనాడు ఆ అబ్బాయి ఏందో అంటే ఈ పిల్ల నవ్విందమ్మా. నేను లోపల పప్పు ఏరుకుంటన్నా. ఎవురబ్బా నవ్వింది, కొట్లోకి ఎవురో కొత్తోళ్ళు వచ్చినారనుకున్నా. లేచొచ్చి చూస్తే ఇదే. ఏడేండ్లు ఒకే కొంపలో ఉండి, దీని నవ్వు ఎట్ల ఉంటదో మర్చిపోయినా."

"అత్తా, అయన్నీ ఇక్కడెందుకు?" అంది వసుంధర.

"ఇక్కడ గాక యాడ చెప్పేది? లాయరుకు, డాక్టరుకు దాచకూడదు," అంది ఈవిడ.

పామూరు వాళ్ళతో మాట్లాడింది కూడా ఈవిడేనట. వాళ్ళు మర్యాదస్తులే. సంబంధం నచ్చింది, కానీ కోర్టు కాగితం లేకుండా పసుపుకుంకుమల మాట ఎత్తం అన్నారు. వచ్చే వైశాఖం దాకా ఆగుతాం, ఆ తర్వాత మా పిల్లవాడికి వేరే సంబంధం చూసుకుంటాం అన్నారు. వసుంధర తల్లిదండ్రులు ఎప్పుడో పోయారు. అన్న ఒకడున్నాడు గానీ, మీ అత్త ఎట్ల చెప్తే అట్ల అని చేతులు దులుపుకున్నాడు.

నాకు కేసు చాలా తేలికగా కనిపించింది. "ఏం భయం లేదు పెద్దమ్మా. ఏడేళ్ళుగా మనిషి జాడ తెలియకపోతే, అతను బతికి లేడన్న లెక్కతో కోర్టు పెళ్ళి రద్దు చేస్తుంది. దగ్గరి దారి అదే," అన్నాను.

రామతులసమ్మ రెండు చేతులతో చెవులు మూసుకుంది. లేచి నిలబడింది. "పదవే వసూ. ఈమె నా కొడుకును సచ్చినోడని రాయిస్తాదంట."

గుమ్మం దాటిన మనిషిని వెనక్కి తెచ్చి కూర్చోబెట్టడానికి నాకు తల ప్రాణం తోకకు వచ్చింది. సరే, ఆ దారి వద్దు, ఇంకొకటుంది. భార్యను కారణం లేకుండా, మళ్ళీ వచ్చే ఉద్దేశం లేకుండా వదిలిపోయాడని రుజువు చేయాలి. అందుకు అతను ఫోనులో అన్న ఆ ఒక్క మాటే మాకు ఆధారం. ఆ మాట విన్నది ఈ భూమ్మీద ఈవిడ ఒక్కతే. "మీరు సాక్ష్యం చెప్పాలి," అన్నాను.

"ఎందుకు చెప్పను? చెప్పేదానికే గదా వచ్చింది," అంది ధీమాగా.

పిటిషను తయారయ్యాక వసుంధర ఒక్కతే వచ్చింది సంతకాలకు. పెన్ను మూత తీసి మళ్ళీ పెట్టింది.

"అక్కా, ఈ కేసు నేను గెలిస్తే అత్త నాకేమయితది?" అని అడిగింది.

చట్టంలో దేనికైనా ఒక సెక్షను ఉంటుంది, దీనికి లేదు. జవాబు లేనప్పుడు నాకు కోపం వస్తుంది. "ముందు గెలువు. తర్వాత సంగతి తర్వాత," అని కసిరాను. ఆ పిల్ల సంతకం పెట్టి, కళ్ళు తుడుచుకుని బస్సుకు వెళ్ళిపోయింది.

అసలు చిక్కు సమన్ల దగ్గర మొదలైంది. వసుంధర చిరునామా, ఉమామహేశ్వర్లు చివరి చిరునామా ఒకటే ఇల్లు. కోర్టు అమీనా కాలేషా సమన్లు పట్టుకుని పెద్దారవీడు వెళ్ళాడు. మనిషి ఇంట్లో లేడు, వెళ్ళిపోయి ఏళ్ళయింది, ఎక్కడున్నాడో తెలియదు అని ఇంట్లోవాళ్ళు చెప్తే అదే రాసుకుని వస్తాడు. నేను పేపర్లో ప్రకటన వేయించుకుంటాను. ఎన్నిసార్లు చేయలేదు!

వాయిదా నాడు కాలేషా రాసిన రిపోర్టు జడ్జిగారు పైకి చదివారు. 'ప్రతివాది పని మీద బయటికి వెళ్ళినాడు, వచ్చును అని అతని తల్లి చెప్పినది.'

"వస్తాడంటున్నారు కదమ్మా. మళ్ళీ పంపిద్దాం," అన్నారు జడ్జిగారు. నెల దాటించి వాయిదా వేశారు.

కోర్టు వరండాలో కాలేషాను పట్టుకున్నాను. "ఏమయ్యా, బుద్ధుందా? ఏడేళ్ళ క్రితం పోయినవాడు పని మీద పోయాడా?"

"నన్నేం చేయమంటారు మేడం? పోంగానే కుర్చీ ఏసింది, మజ్జిగిచ్చింది. మీవోడు ఉన్నాడా పెద్దమ్మా అంటే, పని మీద పోయినాడు నాయనా, వస్తాడు అనింది. ఆమె ఏం చెప్తే అది రాయాల నేను. సొంతంగా రాసేదానికి నాకేం అధికారముంది?" అన్నాడు. అతనన్నది న్యాయమే. అందుకే ఇంకా మండింది.

ఫోను చేసి రామతులసమ్మకు గడ్డి పెట్టాను. ఈసారి సరిగా చెప్తానంది. రెండోసారి కాలేషా వెళ్ళాడు. ఈసారి మజ్జిగతో పాటు బొరుగుల ఉండ కూడా పెట్టిందట. రిపోర్టులో మాత్రం అదే ముక్క. 'వచ్చును.' ఇంకో వాయిదా మట్టిలో కలిసింది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందని, నేను తెచ్చుకున్న సాక్షే నా కేసుకు గండి కొడుతోంది. ఈవిడ పైకి కోడలి పక్షం మాట్లాడి లోలోపల కొడుకు పక్షం నడుపుతోందేమోనని మళ్ళీ అనుమానం వచ్చింది. ఆదివారం పూట షేర్ ఆటో ఎక్కి, ఎండలో పెద్దారవీడు వెళ్ళాను, ఇవాళ ఈవిడో నేనో తేల్చుకోవాలని.

దుకాణం చిన్నదే గానీ అద్దంలా ఉంది. గల్లాపెట్టె దగ్గర రామతులసమ్మ, తక్కెడ దగ్గర వసుంధర. నేను నోరు తెరిచే లోపల యల్లమ్మ అని ఒకామె వచ్చి ఇంగువ అడిగింది.

"రేపొస్తది యల్లమ్మా," అంది రామతులసమ్మ.

యల్లమ్మ వెళ్ళబోయింది. కోర్టులో ఉన్న అలవాటు కొద్దీ నేను ఆమెను ఆపాను. "రేపు మళ్ళీ వస్తావా దీనికోసం?"

"నేనెందుకొస్తా? ఆమె రేపనిందంటే లేదని. మార్కాపురం నుంచి తెప్పించుకుంటా," అంది యల్లమ్మ. నన్ను కాస్త జాలిగా చూసింది. "శెట్టెమ్మ నోట్లో నుంచి లేదన్న మాట రాదులేమ్మా. మా ఊర్లో పిల్లోళ్ళకు గూడ తెల్సు."

అప్పుడు అర్థమైంది నాకు. పదిహేనేళ్ళకు కాపురానికి వచ్చి గల్లాపెట్టె దగ్గర కూర్చున్న నాడే రామతులసమ్మకు వాళ్ళ అత్తగారు చెప్పిందట. వాకిట్లోకి వచ్చిన మనిషితో లేదనకూడదు, అంటే లక్ష్మి వింటుందని. బియ్యం అయిపోతే నిండుకున్నాయి అంటుంది. దీపం ఆరితే కొండెక్కింది అంటుంది. చక్కెర, చింతపండు, ఇంగువ అన్నీ రేపొస్తాయి. గుమ్మం ముందు నిలబడి మీవాడు ఉన్నాడా అని అడిగితే ఆ నోటికి ఇంకేం వస్తుంది?

"పెద్దమ్మా, ఇంగువ వేరు, పెళ్ళాన్నొదిలి పోయినవాడు వేరు," అన్నాను. అరవాలనే వచ్చాను, గొంతు అంత లేవలేదు.

"తెల్సమ్మా. రాత్రుళ్ళంతా అనుకున్నా, లేడు అని చెప్పాల, లేడు అని చెప్పాల అని. ఆ మనిషి ఎదురుగా వచ్చి అడిగేసరికి నోరు తిరగలా. ఇంగువను లేదంటే పొయ్యేది బేరం. వాన్ని లేడంటే..." అని ఆగింది. చేతిలో ఉన్న పొట్లం దారం విప్పి మళ్ళీ చుట్టింది.

ఊరందరికీ ఆమె వస్తాడంటే లేడని తెలుసు. ఆమెకు తెలుసో లేదో నాకు తెలియలేదు. అడగడానికి ధైర్యం కూడా చాలలేదు.

మూడోసారి సమన్లు వెళ్ళినప్పుడు వసుంధరను గుమ్మంలో కూర్చోబెట్టి, ఈవిడను ఇంటి వెనక కళ్ళాపి చల్లడానికి పంపించాం. కాలేషా సమను కాపీ తలుపుకు అంటించి వెళ్ళాడు. తర్వాత పేపర్లో ప్రకటన పడింది, లోపలి పేజీలో, పొలాల వేలం నోటీసుల మధ్యన. దుకాణంలో పాత పేపర్లన్నీ పొట్లాలకే పోతాయి. ఆ రోజు పేపరు మాత్రం ఆవిడ ఎవరినీ చింపనివ్వలేదని వసుంధర చెప్పింది. మడిచి దేవుడి గూటి కింద పెట్టిందట.

ఉమామహేశ్వర్లు రాలేదు. మాఘంలో విచారణకు వచ్చింది కేసు. ఎదుటి పక్షం లేదు కదా, రాతపూర్వకంగా సాక్ష్యం వేస్తే చాలు అనుకోవడానికి లేదు. మా జడ్జిగారు విడాకుల కేసుల్లో సాక్షి నోటితో వినందే డిక్రీ ఇవ్వరు. ఇంకో వాయిదా పడితే, మళ్ళీ పెళ్ళికి ఆగవలసిన అప్పీలు గడువు ముగిసేసరికి వైశాఖం దాటిపోతుంది. పామూరు వాళ్ళు అప్పటికే రెండుసార్లు కబురు చేశారు.

ముందురోజు ఇద్దరినీ ఆఫీసుకు పిలిచాను. నేనే జడ్జిని అనుకోండి అని చెప్పి, బల్ల వెనక నిటారుగా కూర్చున్నాను.

"మీ అబ్బాయి ఇంట్లో ఉన్నాడా?"

రామతులసమ్మ గొంతు సవరించుకుంది. పెదవులు తడుపుకుంది. "వస్తాడు," అంది.

పెన్ను బల్ల మీద కొట్టాను. "మళ్ళీ!"

"పోయినాడు... వస్తాడు."

"మీరు వస్తాడంటే జడ్జిగారు కేసు కొట్టేస్తారు పెద్దమ్మా! వచ్చేవాడికి విడాకులెందుకంటారు. ఈ పిల్ల జన్మంతా మీ కొట్లో పొట్లాలు కడుతూ కూర్చోవాలా? మీరు తీసుకొచ్చారా లేదా నా దగ్గరికి?"

నా అరుపుకు గోడౌను అరుగు మీద ఉన్నవాళ్ళు కూడా తొంగిచూశారు. రామతులసమ్మ కళ్ళ నీళ్ళు బొటబొటా ఒళ్ళో పడ్డాయి, తుడుచుకోను కూడా లేదు. వసుంధర లేచి ఆమె భుజం మీద చెయ్యి వేసింది.

"అక్కా, ఇంక చాలు. రేపు ఈ కేసు తీసేసుకుందాం."

"ఏం మాట్లాడుతున్నావో తెలుస్తోందా నీకు?"

"తెల్సు. గాజులమ్మి ఊర్లు పట్టుకుని తిరిగినప్పుడు నాకు తోడొచ్చింది ఈమె. నాకు జొరమొస్తే మూడు దినాలు కొట్టు మూసేసింది, ఎన్నడూ ముయ్యని మనిషి. ఈమె చేత కన్నకొడుకును లేడనిపించి నేను పెండ్లి చేసుకునేదేంది? నాకొద్దు."

"నీకొద్దంటే అయితదా?" అంది రామతులసమ్మ, ఏడుపులోనే. "నీ నవ్వు నేను విన్నా."

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళన్నట్టు ఇద్దరూ ఇద్దరే. నాకు ఇద్దరికీ చెరో లెంపా వాయించాలనిపించింది. ఇద్దరినీ కావలించుకుని ఏడవాలని కూడా అనిపించింది. రెండూ చేయలేక, పొద్దున్నే కోర్టుకు రండి అని చెప్పి పంపేశాను.

మర్నాడు జడ్జిగారు తలుపులు వేయించి విచారణ మొదలుపెట్టారు. భార్యాభర్తల కేసుల్లో అలాగే చేస్తారు. లోపల ఆయన, టైపిస్టు, నేను, వాళ్ళిద్దరు. వసుంధర సాక్ష్యం తొందరగానే అయిపోయింది. తర్వాత రామతులసమ్మ బోనెక్కింది. జరీ అంచు నీలం చీర కట్టుకుంది, పెళ్ళికి వచ్చినట్టు. ప్రమాణం చేసింది. పేరు, ఊరు, వ్యాపారం చెప్పింది. వసుంధర ఎవరంటే కోడలంది.

"మీ అబ్బాయి ఇప్పుడు ఇంట్లో ఉన్నాడా అమ్మా?" అని అడిగారు జడ్జిగారు.

ఆమె చేతులు బోను కొయ్యను పట్టుకున్నాయి. నిన్నటిలాగే పెదవులు తడుపుకుంది. ఏ మాట వస్తుందో నాకు తెలుసు.

నా వెనక కుర్చీ జరిగిన చప్పుడైంది. "సార్, ఆమెను అడగొద్దు సార్. నాకీ కేసు వద్దు," అంది వసుంధర నిలబడి. నేను చెయ్యి పట్టి లాగాను. కూర్చోలేదు.

"కూచోవే," అంది రామతులసమ్మ బోనులోంచి. "నిన్నెవురూ అడగలా."

అని జడ్జిగారి వైపు తిరిగింది.

"లేడు సార్."

ఆ మాట చాలా మెల్లగా అంది. తర్వాత ఇంకోసారి కొంచెం గట్టిగా అంది. "మా ఇంట్లో లేడు. ఏడేండ్ల నుంచీ లేడు. మిరపకాయలకని కురిచేడు పోయి రైలెక్కినాడు. వారానికి ఫోన్ జేసి, నా కోసం చూడొద్దన్నాడు. ఫోనెత్తింది నేను. నా చెవులతో విన్నా. ఈ పిల్ల తప్పు ఆవగింజంత గూడ లేదు."

ఇక్కడితో ఆగితే చాలు అనుకున్నాను. జడ్జిగారు ఆగలేదు.

"మళ్ళీ వస్తాడని మీకు నమ్మకం ఉందా?"

ఈ ప్రశ్న నేను వల్లె వేయించలేదు. నాకు తట్టనే లేదు.

"ఉంది సార్," అంది రామతులసమ్మ.

నేను కళ్ళు మూసుకున్నాను.

"తల్లిని గదా, ఉండకుండా ఎట్ల ఉంటది? వాడు చూడొద్దన్నాడు, నేను చూస్తనే ఉన్నా. పాణం పోయేదాకా చూస్తా. అయితే అది నా ఎదురుచూపు సార్. కన్నా గాబట్టి నాకు తప్పదు. ఏడేండ్లు ఈ పిల్లను గూడ నా పక్కన కూచోబెట్టుకుని చూపించినా. ఇంక ఈమె చూడకూడదు. ఈమెను లేపి పంపియ్యండి సార్."

జడ్జిగారు అదంతా టైపిస్టుకు ఇంగ్లీషులో చెప్పుకుంటూ పోయారు. అంతా అయ్యాక దాన్ని ఆమెకు తెలుగులో చదివి వినిపించారు. అన్నీ సరిగ్గా ఉన్నాయా అని అడిగారు.

"ఉన్నాయి గానీ, ఒక మాట తక్కువైంది సార్," అంది రామతులసమ్మ. "ఉత్త లేడు అని ఉంటే బాగుండదు. వాడొచ్చినాక ఎవురో ఒకరు ఈ కాగితం చూపిస్తారు. మాయమ్మే నన్ను లేడనింది అని మల్లా పోతాడు. వాడికి రోషమెక్కువ. వచ్చిననాడు అన్నం పెడతానని గూడ రాయండి."

సాక్ష్యంలో అలాంటి వాక్యానికి చోటు లేదు. జడ్జిగారికి తెలుసు, నాకు తెలుసు. ఆయన నా వైపు చూసి, "ఏమమ్మా, అభ్యంతరం ఉందా?" అన్నారు. ఏ కేసులోనైనా అడిగిందానికి పదింతలు మాట్లాడే నా నోరు ఆ రోజు పెగల్లేదు. తల అడ్డంగా ఊపాను. ఆయన ఇంకో వాక్యం చెప్పారు, టైపిస్టు కొట్టాడు. రామతులసమ్మ ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ సంతకం పెట్టింది.

బయటికి రాగానే వసుంధర ఆమెను పట్టుకుని వరండా మెట్టు మీద కూర్చోబెట్టింది, పక్కనే కూర్చుంది. నేను కుళాయి దగ్గర నీళ్ళు పట్టుకొచ్చి ఇచ్చాను. తాగి, నోరు తుడుచుకుని నన్నడిగింది.

"నేను చెప్పిందానికి కేసు చెడిపోయిందామ్మా?"

"చెడలేదు పెద్దమ్మా. వచ్చే వారం డిక్రీ ఇస్తానన్నారు."

"అయితే ఫోనియ్యవే," అని వసుంధర ముందు చెయ్యి చాపింది. "పామూరోళ్ళకు చెప్పాల."

"అప్పుడే ఏం ఫోన్లు?" అన్నాను నా గొంతు నాకు దొరికి. "కాగితం చేతికి రావాలి, అప్పీలు గడువు పోవాలి, వైశాఖం దాకా..."

"ముహూర్తం పెట్టమంటన్నానా? మాట చెప్తన్నా. మన కోసం ఆగినోళ్ళకు మాటన్నా చెప్పాలగదా," అంది. వసుంధర నంబరు కలిపి ఇచ్చి మొహం అటు తిప్పుకుంది. చెవులు ఎర్రబడ్డాయి.

రామతులసమ్మ కొంగు భుజం మీదికి సర్దుకుంది. ఫోనులో మాట్లాడుతున్నా ఎదుటివాళ్ళు చూస్తున్నట్టే సర్దుకుంది.

"హలో, మల్లికార్జున వాళ్ళమ్మగారేనా? బాగున్నారా వదినా? నేను పెద్దారవీడు నుంచి రామతులసమ్మను. వచ్చే వారం కోర్టు కాగితమొస్తది."

అవతల ఆమె ఏదో అడిగింది. ఇక పిల్ల తరపున మాట్లాడేదెవరు, వసుంధర వాళ్ళ అన్నగారు లేరా అని అడిగినట్టుంది. ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా చెప్పింది రామతులసమ్మ.

"నేనే వదినా, పిల్ల తరపు దాన్ని. పిల్లను చూసేదానికి మా ఇంటికి ఎప్పుడొస్తారో చెప్పండి."